గురులింగప్పకు నచ్చని పాటలు

ఖేడ్ బస్టాండు ఎదురుగా గురులింగప్ప క్యాసెట్ల రికార్డింగ్ దుకాణం పెట్టింది 1987లో. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటల చీటీ ఇచ్చి వెళితే, రోజూ పోయే కరెంటు కనికరిస్తే, సాయంత్రానికి నింపి ఇవ్వాలి. అదీ వ్యాపారం. గురులింగప్ప ఆ చీటీని శ్రద్ధగా చదివి, తనకు నచ్చని పాటలు కొట్టేసేవాడు. సాధారణంగా అన్నీ కొట్టేసేవాడు.

"గిదేం పాట సంగప్పా? డ్రమ్ము మనిషి కొట్టాలె. గిండ్ల మిషిన్ కొడుతున్నది. ఇంటుంటే పిండిగిర్ని కాడ నిలవడ్డట్టే ఉన్నది."

"నాకు గదే గావాలె సేటూ. మా తమ్ముని లగ్గమున్నది."

"లగ్గమంటున్నవ్, ఇగ మంచి పాటలు పెట్టొద్దా?"

అలా అని, ఆ పెళ్ళి కోసం ఎవరో తెల్లవాళ్ళు గొంతు చించుకుని అరిచే పాటలు గంటసేపటికి సరిపడా నింపి ఇచ్చాడు. పందిట్లో మొదటి పాట మొదలవగానే ముసలమ్మలు ఎవరో పోయారనుకుని లేచి నిలబడ్డారట. ఆ మాట చెప్పి సంగప్ప తిట్టిపోతే గురులింగప్ప ఏమాత్రం నొచ్చుకోలేదు. "పాట తగిలింది గద మరి!" అన్నాడు.

ఆ తెల్లవాళ్ళు అతనికి బీదర్‌లో దొరికారు. అక్కడ రేడియో రిపేరు దుకాణంలో పనిచేసే రోజుల్లో, బదిలీ అయి పోతున్న ఒక విమానదళం ఉద్యోగి ఇరవై రెండు రాక్ క్యాసెట్లు ఇతని చేతిలో పెట్టాడు. "వీళ్ళ వెనక పెద్ద కంపెనీలు లేవు, తమ పాటలు తామే రికార్డు చేసుకుంటారు" అని ఒక్క ముక్క చెప్పి రైలెక్కాడు. గురులింగప్పకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఆ పాటల్లో తప్పు పట్టే అవకాశం లేకపోయింది. ఆ ఒక్క ముక్క మీదే అతను పెద్ద సిద్ధాంతం కట్టాడు. ఎంత తక్కువమంది వింటే పాట అంత గొప్పది. ఆ లెక్కన ఖేడ్‌లో తనొక్కడే వినే పాటలు జిల్లాలోకెల్లా గొప్పవి.

బొంబాయి నుంచి కొత్తగా వస్తున్న పాప్ క్యాసెట్ల గురించి ఎవరైనా అడిగితే చాలు, చేస్తున్న పని ఆపేసేవాడు. "గది పాట గాదు, పామాయిల్. అన్నిట్ల కలుస్తది, దేనికీ రుచియ్యది." అడిగినవాడు బస్సు తప్పిపోయినా సరే, మొత్తం విని కదలాల్సిందే.

దుకాణంలో సగం అతని భార్య జగదేవిది. అందులో గాజులు అమ్మేది. మొగుడు అన్నానికి ఇంటికి వెళ్ళగానే, జనం అడిగిన పాటలన్నీ గబగబా ఎక్కించి ఇచ్చేసేది. అతను మంచి తిండిపుష్టి ఉన్న మనిషి కావడం వల్ల ఆ దుకాణం అన్నేళ్ళు నిలబడింది.

1992లో నాగల్‌గిద్ద జాతరలో మైకుసెట్టు పాడైతే బాగుచేయడానికి వెళ్ళాడు. అది బాగుపడలేదు. మైకు మూగబోయేసరికి, పక్కన కూర్చున్న నలుగురు ఆడవాళ్ళ పాట వినబడింది. కందిచేలలో కలుపు తీస్తూ పాడుకునే పాటలవి. సగం తెలుగు, సగం కన్నడం. ముందు పాడుతున్నామె పేరు రామవ్వ. ఆమె చేతిలో కంజీర ఉంది. దాని తోలు ఒక పక్క చినిగి, కొట్టినప్పుడల్లా జుయ్యిమంటోంది. తెల్లవాళ్ళు గిటార్లకు ఏవేవో పెట్టెలు తగిలించి తెప్పించే చప్పుడు అదే. గురులింగప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట మాత్రం నిజం.

"అక్కా, ఇంకోసారి పాడున్రి. టేపుల పడతా."

"మా పాటలు ఎవలింటరన్నా?"

"ఎవలూ ఇనరు! అందుకే గద!" అన్నాడు సంబరంగా.

వెంట తెచ్చుకున్న టేపురికార్డరులో అరగంట పాటలు పట్టుకొచ్చాడు. దుకాణంలో పెట్టి, వచ్చినవాళ్ళతో "గిది మీకు సమజ్ గాదు" అనేవాడు. సమజ్ కానిదేమిటో చూద్దామని ఒకరిద్దరు కాపీ చేయించుకున్నారు. ఆర్నెల్లు తిరగకముందే కల్హేర్ జీపుల్లో అదే పాట. కంగ్టి నుంచి హైదరాబాదు పనులకు పోయే లారీల్లో అదే పాట. సంగప్ప కూడా వచ్చి, "సేటూ, ఇన్నేండ్లకు ఒక్క మంచి క్యాసెట్ ఇచ్చినవ్" అని మెచ్చుకున్నాడు.

గురులింగప్ప ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

"సంగప్పకు నచ్చిందంటే అండ్ల ఏదో లోపమున్నది," అన్నాడు భార్యతో.

"లోపం పాటల లేదు," అంది జగదేవి గాజులు సర్దుతూ.

రెండేళ్ళకు రామవ్వ స్వయంగా దుకాణానికి వచ్చింది. కంజీరకు కొత్త తోలు వేయించింది. వెంట కీబోర్డు వాయించేవాణ్ణి తెచ్చుకుంది. ఇంకో క్యాసెట్టు చేయమంది.

"అక్కా, మీరు ఖరాబైన్రు. ఎన్కటి తోలే మంచిగుండె."

"చినిగిన తోలు ఏం మంచిదన్నా? కొత్తది ఏపిచ్చే తాకతు లేక అట్ల కొట్టినం."

"గా కీబోర్డు పెడితే నేను పట్టను."

"నువ్వు పట్టకుంటే జహీరాబాదోళ్ళు పడతరు," అని రామవ్వ లేచింది. జగదేవి ఆమెకు చాయ్ తాగించి, డజను గాజులు తొడిగి పంపింది. మొగుడితో మూడు రోజులు మాట్లాడలేదు.

జహీరాబాదు క్యాసెట్టు వచ్చింది. తప్పులు వెతకడానికని గురులింగప్ప దాన్ని పదిసార్లు విన్నాడు. కోరినన్ని దొరికాయి. కానీ రెండో వైపు నాలుగో పాట దగ్గర చేయి ఆగింది. కీబోర్డు లేదు, డోలకు లేదు. నాలుగు గొంతులు, అంతే. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. ఎవరైనా గిరాకీ వస్తే చటుక్కున ఆపేసేవాడు. తన మాట రామవ్వ మనసులో నాటుకుందనీ, ఆ ఒక్క పాట తన కోసమే పాడిందనీ లోలోపల పొంగిపోయాడు.

సంతనాడు ఆమె గాజులకు వస్తే ఉండబట్టలేక అడిగాడు. "నాలుగో పాట మంచిగ జేసిన్రక్కా. నా మాట యాదికొచ్చిందా?"

రామవ్వ గాజులు ఏరుకుంటూనే అంది. "గదా? కరెంటు పోయిందన్నా. కీబోర్డాయన చాయ్ తాగనీకి పోయిండు. టేపు సెల్లుల మీద తిరుగుతుండె. ఊకె కూసునుడెందుకని పాడినం."

జగదేవి ముఖం అటు తిప్పుకుంది.

గురులింగప్ప ఓడిపోయే మనిషి కాడు. మర్నాటి నుంచి దుకాణంలో సిద్ధాంతం మారింది. కరెంటు ఉన్న ఊళ్ళో మంచి పాట పుట్టదు. ఆ లెక్కన చూస్తే సంగీతానికి ఖేడ్‌ను మించిన ఊరు లేదని బస్సు కోసం నిలబడ్డవాళ్ళకల్లా చెప్పేవాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఊళ్ళో ఎవరూ అతనితో వాదించలేదు.