ఎక్కువగా మొక్కలే

చెకింగ్ బాబాయి ఉద్యోగం వదిలి చాలాకాలమే అయినా, చుట్టాలెవరూ ఆయన ముందు జేబులో చెయ్యి పెట్టరు. పెడితే ఆ చేతివంకే చూస్తాడు. చెకింగ్ బాబాయి అనే పేరు ఆయన అక్క కోడలు పెట్టింది. ఇప్పుడు అందరికీ అదే అలవాటైపోయింది. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసీ చేసీ ఆయనకొక నమ్మకం కుదిరింది. టికెట్ ఉన్నవాడు దాన్ని చూపించి మళ్లీ కునుకు తీస్తాడు. లేనివాడే కథ మొదలుపెడతాడు. "నేనెప్పుడూ కొంటానండీ, ఇవాళే..." అని వినబడగానే బాబాయి జరిమానా రాసేవాడు.

తిండి విషయంలోనూ ఆయనది ఇదే కొలత. ఆయన మాంసం తినడు. ఎవరైనా వడ్డించబోతే "తినను" అంటాడు, అంతే. ఆ ఒక్క మాటతో ఇంతకాలం నెట్టుకొచ్చిన మనిషికి ఈమధ్య పుట్టుకొస్తున్న పేర్లు వింటే ఒళ్లు మండుతుంది. శాకాహారి అన్నారు, బాగానే ఉంది. తర్వాత ప్యూర్ వెజ్ వచ్చింది. అంటే అంతకుముందు తిన్నది కల్తీదా? పాలు కూడా ముట్టనివాళ్లు వీగన్ అయ్యారు. ఆపైన మొక్కలే ఆధారమంటూ ప్లాంట్ బేస్డ్. వారానికోసారి గీత దాటేవాడికి ఫ్లెక్సిటేరియన్ అని బిరుదు కూడా ఇచ్చారు. నిజానికి ఈ పేర్ల పిచ్చి ఇవాళ్టిది కాదు. ఒకప్పుడు కొన్ని దేశాల్లో మాంసం మానేసినవాణ్ణి ప్రాచీన కాలపు లెక్కల పండితుడొకడి పేరుతో పిలిచేవారు. ఆ పండితుడు నిజంగా ఏం తిన్నాడో పక్కన కూర్చుని చూసినవాడు మాత్రం ఇప్పుడెవడూ లేడు. ఈ సంగతి చెబితే బాబాయి, "అప్పుడూ తనిఖీ లేదన్నమాట" అని పెదవి విరిచాడు.

ఆయన మానేయడానికి కారణం మతమూ కాదు, జబ్బూ కాదు. అక్క. వాళ్ల నాన్న కబేళాలో పనిచేసేవాడు. ఇంట్లో పూటపూటా అదే తిండి. ఒకరోజు అక్క కంచం పక్కకు జరిపి "ఇక నేను తినను" అంది. ఎందుకో చెప్పలేదు. తమ్ముడు ఆమె మొహం చూసి తన కంచమూ జరిపాడు. ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే ఇద్దరూ ఓ మూల కూర్చుని ఉడకబెట్టిన దుంపలు తిన్నారు. ఆయన పెళ్లి మాట తలపెట్టలేదు, హోటలు గడప తొక్కలేదు. తన చేతివంట కాకుండా నమ్మి తినేది ఆదివారం అక్క ఇంట్లోనే.

అలాంటిది, జ్వరంతో మంచాన పడి లేచాక అక్క మాటతీరు మారింది.

"కోడలి వంట ప్లాంట్ బేస్డేరా తమ్ముడూ" అంది ఒక ఆదివారం.

"మనదెప్పుడూ అంతేగా. కొత్తగా పేరెందుకు?"

"ఊరికేలే. తిను."

తర్వాతి ఆదివారం, "మా ఇంట్లో ఎక్కువగా మొక్కలే" అంది.

ఎక్కువగా! ఎక్కువగా టికెట్ కొనేవాణ్ణి ఆయన ఏ బస్సులోనూ వదల్లేదు.

అనుమానం కోడలి మీదికి పోయింది. ఆ పిల్ల అన్నీ తింటుంది. అక్కకేమో చూపు ఆనదు. ఏ గిన్నెలో ఏం కలుస్తోందో ఎవరు చూడొచ్చారు? మేనల్లుడికి ఫోన్ చేస్తే "ఆఫీసులో ఉన్నాను మావయ్యా" అని పెట్టేశాడు. తప్పు చేసినవాడి తొందర, అనుకున్నాడు బాబాయి.

గురువారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్లాడు. తలుపు తీసిన కోడలి మొహంలో రంగు మారింది.

"బాబాయిగారూ! ఇవాళ ఆదివారం కాదుగా?"

"నాకూ తెలుసమ్మా. తప్పుకో."

వంటింట్లో బల్ల దగ్గర అక్క రెండు చేతులా లోతుగిన్నె పట్టుకుని కూర్చుంది. అందులో పలచని సూపు, దానిమీద కొవ్వు తెట్టు.

"పుట్టగొడుగులదండీ, డాక్టరుగారు బలానికి తాగమన్నారు, అంతా మొక్కలే..." కోడలు గబగబా అందుకుంది.

"అడక్కుండానే ఇంత చెబుతున్నావేంటి? మా అక్కకి తెలియకుండా ఏం పోస్తున్నావు?"

"ఆ పిల్లనేమీ అనకు" అంది అక్క. "ఎముకల సూపు. అడిగి కాయించుకున్నది నేను."

బాబాయి వంగి గిన్నెలోకి చూశాడు.

"జ్వరం తగ్గాక కాళ్లు నిలబడనివ్వలేదురా. మందులా తాగమన్నాడు డాక్టరు."

"మందైతే మందని చెప్పొచ్చుగా!"

"మొదట్లో మందే. ఇప్పుడు..." అక్క మూతి తుడుచుకుంది. "రుచిగా ఉంటోంది."

కోడలు కిటికీ వైపు తిరిగింది. ఆపుకుంటున్నది నవ్వో ఏడుపో ఆయనకు తేలలేదు.

"మరి ఆ 'ఎక్కువగా మొక్కలే' అన్న మాటేంటి?"

"నీతో అబద్ధం ఆడలేను. నిజం చెబితే నువ్వు మా ఇంట్లో ముద్ద ముట్టవు. దీని ఫోన్లో వెతికిస్తే బోలెడు పేర్లొచ్చాయి. అబద్ధం కానిది, నిజం బయటపెట్టనిది చూసి ఏరుకున్నాను."

"నేను తిన్న కూర ఏ గిన్నెలో వండారు?"

"వేరే గిన్నె బాబాయిగారూ, ఒట్టు!"

"గరిటె?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు చాలు. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి దుంపలు ఉడకబెట్టుకున్నాడు గానీ తినబుద్ధి కాలేదు. అక్క మానేసిందని తను మానేశాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. మరి తనేం చెయ్యాలి? తినమంటే తనవల్ల కాదు. అక్కని మానమంటే ఆ కాళ్లు? అసలు పోవడమే మానేస్తే, ఆదివారం ఎవరి ఎదురుగా కూర్చోవాలి?

ఆదివారం సంచితో దిగాడు. అందులోంచి కొత్త మూకుడు, కొత్త గరిటె, కూరగాయలు తీశాడు. పొయ్యి తనే తుడిచి, తనే వండాడు. కోడలు అటుగా వచ్చినప్పుడల్లా మూకుడికి అడ్డంగా నిలబడ్డాడు.

"నన్నూ తనిఖీ చేస్తారా బాబాయిగారూ?"

"చేతులు చూపించు."

చూపించింది. ఆయన నిజంగానే చూశాడు.

భోజనాలకు అక్క ఎదురుగానే కూర్చున్నాడు. ఆమె ముందు సూపు, తన ముందు మూకుడు. మధ్యలో నీళ్లచెంబు సరిహద్దులా పెట్టాడు. కాసేపు ఎవరి తిండి వాళ్లు తిన్నారు.

"నీ కూర ఘుమఘుమలాడుతోందిరా" అంటూ అక్క తన చెంచా చాచింది.

బాబాయి మూకుడు వెనక్కి లాక్కున్నాడు. "అది ఇందాక దేంట్లో పెట్టావు?"

అక్క గొణుక్కుంటూ బల్ల పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేస్తూ కుళాయి దాకా వెళ్లి, ఆయనకు కనబడేలా చెంచా తోమి, కడిగి, తిరిగొచ్చి కూర్చుని మళ్లీ చాచింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆ తర్వాత వడ్డించాడు.