అట్టడుగున ఉండాల్సిన పేరు

మా మేష్టారు పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున్న మా పాత గ్రూపులోనే వచ్చింది. మూడేళ్లుగా ఎవరూ పలకని గ్రూపు అది. ఆ కబురుకి సరిగ్గా పైన ఉన్న మెసేజ్ నాది. "కోడ్ ఎవరు రాస్తే ఓఎస్ వాళ్లదేనండి. ఇందులో మేష్టారిదేముంది?" అని. చదువుకుంటే తల తీసేసినట్టయింది.

ఆయన రాజమండ్రిలో పాలిటెక్నిక్ లెక్చరరుగా చేశారు. రిటైరయ్యాక, ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ కోడ్‌తో పాత ఫోన్లని నడిపించే ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకటి తయారుచేశారు. కంపెనీలు వదిలేసిన ఫోన్లు దాంతో మళ్లీ లేచి కూర్చునేవి. మేం నలుగురు శిష్యులం ఆదివారాలు వాళ్లింట్లో చేరేవాళ్లం. అమ్మగారు పెసరట్లు వేసి పెట్టేవారు. నాకు కోడ్ రాయడం చేయిపట్టి నేర్పింది మేష్టారే.

కొత్త వెర్షన్ బయటికి వదిలే ముందు, ఓఎస్‌కి పనిచేసినవాళ్ల పేర్లన్నీ ఒకరం పైకి చదవాలి, గుళ్లో అర్చనకి గోత్రనామాలు చదివినట్టు. ఎక్కడో బ్రెజిల్‌లో ఒక్క లైను సరిచేసినవాడి పేరు కూడా. నోరు తిరక్క మేం నవ్వితే, "నవ్వండ్రా, నవ్వండి. చదవడం మాత్రం మానకండి. వాడేమన్నా మన మొహం చూసి చేశాడేంటి?" అనేవారు. తన పేరు మాత్రం అన్నిటికన్నా కింద పెట్టుకునేవారు.

నాకు కొత్త ఫోన్ల మీద మోజు. ఆయనకి పాతవి వదలబుద్ధి కాదు. ఫోర్క్ చేస్తానన్నాను, అంటే అదే కోడ్ తీసుకుని వేరు కుంపటి.

"పెట్టుకో నాయనా, తప్పేం లేదు. అందుకేగా తాళం వెయ్యకుండా ఉంచాం. పేర్లు మాత్రం తియ్యకు."

"అలాగేనండి" అన్నాను.

నా కొత్త ఓఎస్ చూసుకునేది నేనని ఫైళ్లలో మార్చడానికి, ఆయన పేరున్న చోటల్లా నా పేరొచ్చేలా ఒక్క కమాండ్ కొట్టాను. పైకి చదివే ఆ పేర్ల పట్టికలో కూడా మారిపోయింది. చూశాను. రేపు సరిచేద్దామనుకున్నాను. ఈలోగా జనం మెచ్చుకోవడం మొదలెట్టారు. నా మొహం మండ, ఆ రేపుని రానివ్వలేదు. గ్రూపులో ఒకడు నిలదీస్తే పొగరుగా ఆ మెసేజ్ పెట్టాను.

నిన్న పలకరించడానికి వెళ్లాను. అమ్మగారు ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. కిందటేడు కొత్తది కొన్నారట. అందులో నడుస్తున్నది నా ఓఎస్సే.

"మావాడు చేశాడని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు బాబూ. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ పేర్లన్నీ పైకి చదివేవారు, నాకు వంటింట్లోకి వినపడేది. చివర నీ పేరు చదివి ఆపేసేవారు. ఎవరి పేరు వాళ్లేం చదువుకుంటార్లే! ఆయనది ఎక్కడుందో కాస్త చూపించు. ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటాను."

ఆవిడ లోపలికి వెళ్లారు. పేజీ తెరిచాను. అన్ని పేర్లూ ఉన్నాయి, బ్రెజిల్ వాడిదీ ఉంది. అట్టడుగున, మేష్టారు ఉండాల్సిన చోట, నా పేరు.

లోపల బీరువా తలుపు చప్పుడైంది.

"దొరికింది బాబూ, వస్తున్నా" అన్నారు.