నిలువుగా చీలిన కణం

మా డిగ్రీ కాలేజీలో బోటనీ రికార్డు బొమ్మలు ఎవరూ చూసి గీయరు. సీనియర్ల రికార్డు పేజీని కిటికీ అద్దానికి ఆనించి, దానిమీద తెల్లకాగితం పెట్టి, వెలుతురులో కనబడే గీతల మీద పెన్సిల్ తిప్పుతారు. ఉల్లివేరు కణవిభజన బొమ్మ అట్లా ఎన్ని బ్యాచ్‌లు దాటి వచ్చిందో తెలియదు. అందులో ప్రతి కణానికీ కొత్త గోడ అడ్డంగానే ఉంటుంది.

నేను మైక్రోస్కోపులో చూసి గీశాను. టీ గ్లాసు మీద ఉల్లిగడ్డ పెట్టి నేనే మొలిపించుకున్న వేరు అది. ఒక వరుసలో కణాలన్నీ అడ్డంగా చీలుతుంటే, మధ్యలో ఒకటి నిలువుగా చీలుతోంది. ఒళ్లు జల్లుమంది. లైబ్రరీలో చదివింది గుర్తొచ్చింది. మొక్క కణానికి పక్కకు జరగడం కుదరదు. అందుకే చీలకముందే, తన లోపలి అంచు చుట్టూ సన్నని పోగులతో మొలతాడులాంటి పట్టీ కట్టుకుంటుంది. పట్టీ తర్వాత మాయమైపోతుంది కానీ, కొత్త గోడ సరిగ్గా అక్కడికే వచ్చి అతుక్కుంటుంది. అడ్డగోడతో వేరు పొడవు పెరుగుతుంది. నిలువుగోడతో కొత్త వరుస మొదలై లావెక్కుతుంది.

ల్యాబ్ సార్ ఆ కణాన్ని ఎర్రపెన్నుతో కొట్టేశాడు.

"ఇదేంది?"

"చూసిన సార్. స్లైడ్‌ల గట్లనే ఉంది."

"స్లైడ్ మీద వేలుతోని ఒత్తినప్పుడు కణం తిరిగుంటది. పో, అందరి లెక్క గీసుకరా. లేకుంటే సంతకం లేదు."

తిరిగితే పైదీ కిందదీ కూడా తిరగాలి కదా, వరుస చెదరనే లేదు కదా! స్లైడ్ రెండడుగుల దూరంలో ఉంది. ఆయన కన్నెత్తి చూడలేదు. సంతకం లేకుంటే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు.

దోస్తు తన రికార్డు నా ముందుకు తోసింది. "ఏందే నీ లొల్లి? గీత అడ్డం పెడితే ఉల్లిగడ్డ వచ్చి కేసు పెడ్తదా?"

నవ్వు రాలేదు. కిటికీ దగ్గర నిలబడి, మొన విరిగేంతగా ఒత్తి గీశాను. సంతకం దొరికింది. సాయంత్రం నేనెక్కిన బోధన్ బస్సు చెరుకు ట్రాక్టర్ వెనక పాకుతోంది. బండి నిండా మణికట్టంత గడలు. కణాలన్నీ అడ్డంగానే చీలితే ఇవి దారాల్లా సాగేవి కాదా అని సార్‌ను లోలోపల తిట్టుకున్నాను.

పరీక్ష రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా బొమ్మ చూసి ఆగాడు. "అన్నీ అడ్డమేనా? మరి వేరు లావు ఎట్లయితదమ్మా?"

మార్కుల లిస్టు పట్టుకుని మా ల్యాబ్ సార్ పక్కనే నిలబడ్డాడు. నా వైపే చూస్తున్నాడు.

"తెల్వదు సార్," అన్నాను.

"పుస్తకం తెరిస్తే కదా తెలిసేది," అన్నాడు ఎగ్జామినర్.

ల్యాబ్ సార్ అవునన్నట్టు తల ఊపాడు. తలచుకుంటే ఇప్పటికీ మండిపోతుంది. నేనూ ఊపాను.