‘మన పిల్లే’ అంటే అర్థం

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను చూసి ఊరికే నవ్వితే, నా చెయ్యి తనంతట తానే హ్యాండ్‌బ్యాగు జిప్పు మీదికి వెళ్ళేది. ఆ రోజులంటే తాతల కాలం కాదు, ఫోన్లో మొహాలు చూసుకుంటూ చీరలు అమ్ముకునే కాలమే. నాకు ఇరవై రెండేళ్ళు. కూచిపూడి దాటాక ఒక చిన్న ఊళ్ళో మా నాన్నది చీరల కొట్టు. మా అమ్మకి నొప్పులు మొదలైంది కూడా ఆ తాన్ల మధ్యనేనట. అలాంటి చోట పెరిగిన పిల్లకి ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది, పైకి ఒకసారి, లోపల ఒకసారి. బేరం కుదరక వచ్చినావిడ లేవబోతుంటే మా నాన్న “అమ్మగారికి మంచినీళ్ళివ్వండి” అనేవాడు. దాహం సంగతి ఎవరికి కావాలి, ఆవిణ్ణి ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టండని దానర్థం. అన్నిటికన్నా పెద్ద మాట “మనవాళ్ళేరా, చూసి ఇవ్వు”. ఆ మాట వినగానే వచ్చినావిడ మొహం చేటంత అయ్యేది. మా బాబాయి బుద్ధిగా తలూపి, చెప్పిన ధర మీద ఒక్క రూపాయి కూడా తగ్గించేవాడు కాదు. ఎందుకంటే మా కొట్లో “మనవాళ్ళే” అంటే, ఈవిడ మొహమాటస్తురాలు, గట్టిగా అడగదు, వదలకు అని. (మా నాన్న మోసగాడేం కాదండోయ్, సరుకు మంచిదే ఇచ్చేవాడు. నిజంగా మనవాళ్ళు వస్తే నోటితో ఏమీ అనేవాడు కాదు, కళ్ళతో సైగ చేసేవాడంతే.)

అంత చదువూ చదువుకుని వెళ్ళి విజయవాడ గవర్నర్‌పేటలో, మేడ మీదున్న ఒక హోల్‌సేల్ చీరల కొట్లో చేరాను. ఊళ్ళలో చిన్న కొట్లవాళ్ళకీ, ఇంట్లో చీరలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళకీ వీడియో కాల్ చేసి సరుకు చూపించడం నా పని. అదే రోజు, అదే పనికి ఇంకో అమ్మాయి చేరింది. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, ఊరు కంకిపాడు. కొట్లో అందరూ తనని ‘కంకిపాడు’ అనే పిలిచేవారు. వారం తిరక్కుండా నా పేరు ‘బేరం’ అయిపోయింది. ఇద్దరికీ కలిపి దగ్గర్లోనే ఒక గది దొరికింది. రెండు మంచాలు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను సరిగ్గా ఒక మంచం మీదే తిరుగుతుంది. విజయవాడ ఎండ తెలిసినవాళ్ళకి ఆ మంచం విలువ నేను చెప్పక్కర్లేదు. దాన్ని సంపాదించడానికి దారిపొడుగునా పథకం వేసుకున్నాను. ముందు నాకు కిటికీ పక్కదే ఇష్టమని చెప్పాలి, తర్వాత కిటికీలోంచి దోమలొస్తాయేమోనని కాస్త బాధపడాలి, చివరికి తనే జాలిపడి ఫ్యాను కిందికి పిలవాలి. నేను మొదటి మాట కూడా అనకముందే తను సంచి కింద పెట్టి, “ఫ్యాను కింద నువ్వు పడుకోవే, నాకు పెద్దగా చెమట పట్టదు” అంది. అంతే. అడక్కుండా ఇచ్చేసింది.

మా కొట్లో అడక్కుండా ఇచ్చే చీరకి ఎక్కడో ఒక చిరుగుంటుంది. తను స్నానానికి వెళ్ళగానే పరుపు ఎత్తి చూశాను. మంచం కిందికి దూరి పలకలు ఒక్కొక్కటీ తట్టి చూశాను. ఫ్యాను కొక్కెం ఊగుతుందేమోనని చీపురు కట్టతో పొడిచి చూశాను. నల్లి లేదు, పగులు లేదు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. కనపడే లోపమైతే సర్దుకుపోవచ్చు, కనపడనిది ఎంత పెద్దదో ఏమో! నడుము నొప్పని చెప్పి మూడు రోజులు కింద చాప మీద పడుకున్నాను. ఫ్యాను గాలంతా ఖాళీ మంచమే అనుభవించింది.

తర్వాత పెరుగు మొదలైంది. ఆదివారాలు ఇంటికి వెళ్ళి సోమవారం పొద్దున వచ్చేటప్పుడు తను స్టీలు క్యారేజీలో గేదె పెరుగు తెచ్చేది. “తినవే, మా అమ్మ నీకోసం విడిగా తోడుపెట్టింది” అనేది. నాకోసం విడిగా ఎందుకు? ఆవిడ నా మొహమన్నా చూడలేదే! ముందు తనని ఓ గరిటెడు తిననిచ్చి, అరగంట ఆగి, మనిషి బాగానే తిరుగుతోందని రూఢి చేసుకున్నాక నేను కంచం ముందు కూర్చునేదాన్ని. (పెరుగు మాత్రం, పాపం, వంక పెట్టడానికి లేకుండా ఉండేది.) ఒక రోజు వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, “బయటిదేం కాదమ్మా, మన పిల్లే” అనడం నా చెవిన పడింది. మన పిల్లేనా! అంటే నేను గట్టిగా అడగనని తేలిపోయిందన్నమాట. దేనికో తెలీదు గానీ నన్ను వదలరు.

పనిలో కూడా తను నాకు అర్థమయ్యేది కాదు. నేను ఒక్కో చీరనీ ఫోను ముందు మూడుసార్లు విదిలించి, గొంతు పోయేట్టు వర్ణించి, అవతలావిడ చేత పది తీయించేదాన్ని. తను మాత్రం నింపాదిగా, “ఈ రంగు మీ ఊళ్ళో కదలదండీ, వద్దులెండి” అనేది. అవతలావిడ మురిసిపోయి ఇరవై పంపమనేది. ఓహో, ఇదో కొత్త ఎత్తన్నమాట అనుకుని, అద్దం ముందు సాధన చేసి నేనూ ఒకావిడతో “ఇది వద్దులెండి అమ్మా” అన్నాను. “సరేనమ్మా” అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఏడాది నిండుతుండగా, మే నెలలో, కొట్టు ఓనరు గారు మా ఇద్దర్నీ పిలిచారు. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతుండేది, మాట తక్కువ. “వీడియోకి ఇద్దరక్కర్లేదమ్మా. నెలాఖరు నుంచి ఒకళ్ళనే ఉంచుతాను. ఎవరినన్నది ఆలోచించి చెబుతాను” అన్నారు. ఆ ఉద్యోగం పోతే నేను వెళ్ళాల్సింది మా కొట్టుకే, గల్లా పక్కన స్టూలు మీదికే. ఆ స్టూలు మీంచి లేవడానికి మా నాన్నతో ఆరు నెలలు బేరమాడాను. “ఏడాది చెయ్యి. వాళ్ళు ఉంచుకోకపోతే మాత్రం మారుమాట్లాడకుండా వచ్చెయ్యి” అన్న ఒప్పందం మీద పంపించాడు. ఆ సంగతి కంకిపాడుకీ తెలుసు.

రెండు రోజుల తర్వాత నేను బీరువాల వెనక చీరలు మడతపెడుతుంటే పెద్దాయన గదిలోంచి కంకిపాడు గొంతు వినపడింది. ముందూ వెనకా వినపడలేదు, రెండే ముక్కలు: “అది మన పిల్లే సార్. మీరే చూసి చెయ్యండి.”

ఇంకేం కావాలి? ఏడాది పాటు నేను వెతికిన చిరుగు దొరికిపోయింది. తను బయటికి రావడం ఆలస్యం, నేను లోపలికి వెళ్ళాను. బేరంలో అన్నీ అయిపోయాక ఒక ఆఖరి పని ఉంటుంది, వద్దని లేచిపోవడం. కొట్టు మెట్లు దిగుతుంటే మూడో మెట్టు దగ్గర వెనక నుంచి పిలుపు రావాలి. నా అనుభవంలో రాకపోవడమనేది లేదు. “సార్, నాకీ ఉద్యోగం వద్దులెండి. తనకే ఇచ్చెయ్యండి” అన్నాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఓసారి చూసి, “అలాగా” అన్నారు. దిగడం మొదలుపెట్టాను. మూడో మెట్టు దగ్గర దగ్గాను. ఏడో మెట్టు దగ్గర చున్నీ సర్దుకున్నాను. పన్నెండో మెట్టు దగ్గర ఫోన్ తీసి, ఎవరూ చెయ్యకపోయినా గట్టిగా “హలో” అన్నాను. పిలుపు లేదు. మెట్లు అయిపోయాయి. ఎదురుగా రోడ్డు, ఆటోలు, ఎండ. ఎవరూ పిలవని కొట్టు ముందు ఎలా నిలబడాలో నాకు మా నాన్న నేర్పలేదు.

అప్పుడు పైనుంచి పరిగెత్తుకుంటూ కంకిపాడు దిగింది. “ఏమే, మతిగానీ పోయిందా? ఉద్యోగం వద్దన్నావంట?”

“నువ్వు చెప్పింది విన్నాలే. మన పిల్లే, చూసి చెయ్యండి అన్నావుగా.”

“అన్నాను. అయితే?”

“అయితే ఏంటే! నన్ను తీసెయ్యమనేగా!”

తను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఉక్రోషం కొద్దీ మా కొట్టు నిఘంటువంతా అక్కడే విప్పాను. విని విని, మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నెత్తిన మూటతో ఎక్కబోతున్న ఒకాయన “అమ్మా, దారి!” అని అరిచినా లేవలేకపోయింది. ఆయన వెళ్ళాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

“అంటే ఏడాదంతా నేను ఆ మాట అన్నప్పుడల్లా నీకు అలాగే వినపడిందా?”

నేను రోడ్డు మీది ఆటోలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“పెరుగు కూడానా?”

“మొదటి రెండు నెలలే.”

“రెండా?”

“మూడు.”

“నా కళ్ళలోకి చూసి చెప్పవే.”

“నాలుగు. ఐదో నెల నుంచి ఒట్టు, కళ్ళు మూసుకుని తిన్నాను.”

జీవితంలో మొదటిసారి బేరంలో నేనే పెంచుకుంటూ పోయాను. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నవ్వినందుకు వచ్చినవి కావని కొట్లో పెరిగిన నాకు తెలుసు. ఉద్యోగం సంగతి ఆ క్షణాన పూర్తిగా మర్చిపోయాను. ఈ పిల్ల ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఏ ధరకీ తిరిగి రాదని అర్థమైంది. “నేను మానేస్తున్నానని చెప్పడానికి వెళ్ళానే” అంది చివరికి. “మా ఊళ్ళో స్కూల్లో ఆఫీసు పని దొరికింది. పోతూ పోతూ నీ గురించి ఓ మంచి మాట చెబుదామనుకున్నా. నా ఖర్మ!” అని నా మణికట్టు పట్టుకుని ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కించింది. నేరుగా పెద్దాయన ముందు నిలబెట్టి, “సార్, ఇది వద్దందంటే కావాలని అర్థమండీ. వాళ్ళ కొట్లో అంతేనంట” అంది.

పెద్దాయన లెడ్జరులోంచి తలెత్తలేదు. “నాకు తెలీదామ్మా? నేనూ కొట్లోనే పెరిగాను. ఇంకో ఐదు నిమిషాలాగి కబురు పెడదామనుకున్నా. దగ్గు వినపడుతూనే ఉంది.”

ఉద్యోగం నాకే దక్కింది. కంకిపాడు నెలాఖరుకి వెళ్ళిపోయింది.

మొన్నామధ్య వాళ్ళ ఆడపడుచు పెళ్ళికి బట్టలు తీయడానికి వచ్చింది. బేరమాడడం నా వంతు కదా, పొద్దున్నుంచీ నాలుగు కొట్లవాళ్ళని ఏడిపించి, ఓ టిఫిన్ హోటల్లో పెసరట్ల ముందు కూర్చుని ఆ ఏడాదిని మొదట్నుంచీ మళ్ళీ తిరగేశాం. “మా అమ్మ నీకు పెరుగు ఎందుకు పంపేదో తెలుసా?” అంది. “నువ్వు మంచం కింద దూరి పలకలు తట్టడం నేను తలుపు సందులోంచి చూశా. ఆ పిల్లకి కాస్త తల వేడెక్కినట్టుందమ్మా అని ఫోన్లో చెప్పా. చలవ చేస్తుందని పంపించింది.” “చూశావా! ఊరికే పంపలేదుగా! నా అనుమానం నిజమే!” అని నేను అరిచిన అరుపుకి పక్క బల్ల వాళ్ళు ఇటు తిరిగారు.

నవ్వులయ్యాక వాళ్ళ స్కూలు కబుర్లలో పడ్డాం. “నేను చేరింది దసరా సెలవులయ్యాక మొదటి రోజు కదా, హెడ్మాస్టారు నన్ను ఎవరో పిల్ల తల్లి అనుకుని ఫీజు అడిగారు” అంటూ చెప్పుకుపోతోంది. నా చెవి అక్కడే ఆగింది.

“దసరా తర్వాతా? ఇక్కడ మానేసింది మే నెలలో కదే? పని దొరికిందని అప్పుడే అన్నావు?”

తను చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంది. “దొరికిందంటే, చూస్తామన్నారన్నమాట. అయినా నాకు ఆ వీడియోల పని పడేది కాదులేవే.”

పడకపోవడమేమిటి? నాకు రెండింతలు అమ్మేది. మనిషి మొహం చూసి ఇంకా ఎంత దిగొస్తాడో చెప్పడమే నా వృత్తి. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే అసలు సంగతి బల్ల మీదికి వచ్చేసేది. ఆ ఇరవై రెండేళ్ళ పిల్లయితే వేసేదే, పాపం, రాబట్టేదాకా పెసరట్టు చల్లారిపోయినా చూసుకునేది కాదు.

“అవునులే” అన్నాను. “నీకు ఆ పని పడేది కాదు.”

తను తలెత్తకుండానే నవ్వి, నా ప్లేటులోకి ఇంకాస్త అల్లం చట్నీ వేసింది.