నోరు విప్పకూడని పరీక్ష

ఆవిడ ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ల కంపెనీలో, మిషను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసింది. రిటైరయ్యాక ఊరుకోక ఇంకో పుస్తకం నెత్తికెత్తుకుంది. నడుమ పెత్తనం చేసే కంప్యూటరేదీ లేకుండా, కంప్యూటర్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు. దానికి కొత్త భాగాలు ఎలా చేర్చాలో చెప్పే పుస్తకం అది.

లోగుట్టంతా తెలిసినవాడు దాన్ని కట్టిన పెద్దాయన ఒక్కడే. ఆయన చూపు మందగిస్తోంది, నెల తిరిగేసరికి తప్పుకుంటానన్నాడు. ఆలోగా బయటివాళ్లెవరైనా ఆయన్ని అడగకుండా, పుస్తకం చూసి ఒక్క భాగమైనా చేర్చలేకపోతే ఆ పని ఆయనతోనే ఆగిపోతుంది.

"ఎందుకు చేర్చలేరండీ, నేను రాశానుగా" అంది ఆవిడ ధీమాగా.

పరీక్షకు ఆడపడుచును కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మనిషి, మొహమాటం ఎరగనిది. పుస్తకం రాసినావిడ తనకు తాను పెట్టుకున్న నియమం ఒక్కటే: చదివేవాళ్ల వెనక కుర్చీ వేసుకోవాలి, నోరు విప్పకూడదు.

మూడు పేజీలు చకచకా సాగాయి. నాలుగో పేజీలో బండి ఆగింది.

"వదినా, నువ్వు రాసినట్టే కొట్టాను. కంప్యూటరేమో అవతల ఎవరూ లేరంటోంది."

ఆవిడ పెదవి కొరుక్కుంది.

"పలకవేం? కుట్టుమిషనైతే ముందు పెడల్ తొక్కమనేదానివి."

ఆ మాటతో ఆవిడకు తప్పెక్కడుందో తెలిసొచ్చింది. తన కంప్యూటర్లో అసలు ప్రోగ్రాం ఆరేళ్లుగా స్విచ్చి వేయగానే దానంతటదే మొదలవుతోంది. అందుకే ముందు దాన్ని మొదలుపెట్టాలని ఎక్కడా రాయలేదు. ఇంత అనుభవం పెట్టుకుని ఇదా తను చేసిన నిర్వాకమని తల బాదుకోవాలనిపించింది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ రేపు చదివే ముక్కూమొహం తెలియనివాళ్ల వెనక తాను కూర్చోదు కదా. లేచి తన కంప్యూటర్ దగ్గరికెళ్లి, ఆ వాక్యాన్ని పేజీలో చేర్చి వచ్చింది. ఆ పేజీ మళ్లీ తెరవమని వేలితో సైగ చేసింది.

మధ్యాహ్నానికల్లా, పంపిన సందేశం అవతలికి చేరిందో లేదో చెప్పే చిన్న భాగం తయారైంది. హాల్లోంచి పంపితే పక్కగది కంప్యూటర్ నుంచి "చేరింది" అని జవాబొచ్చింది. ఆవిడ పెద్దాయనకు ఫోన్ చేసింది.

"మా ఆడపడుచు చేర్చేసిందండీ. నేను పెదవి కదిపితే ఒట్టు."

ఆయన సరాసరి పుస్తకం మాటెత్తాడు.

"చివరి పేజీలో, అర్థం కాకపోతే అడగమని నా అడ్రసుంది. తీసెయ్యమ్మా."

"ఉండనివ్వండి."

"ఎందుకు? ఇక వాళ్లకు నాతో పనేముంది?"

ఆయన గొంతులో సంతోషమే ఉంది. ఇన్నాళ్లూ తాను ఒళ్లు వంచి రాసింది ఆయన అవసరం లేకుండా చేయడానికేనని ఆవిడకు అప్పుడు తట్టింది. ఆ అడ్రసు చెరిపేసి, కూర్చున్నచోటే ఏడ్చింది.