కరెంటాఫీసుకు కారు కుదిరిన వైనం

నేను రిటైరవడానికి ఇంకా ఏడాది ఉందనగా, వేసవి మొదట్లో, గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట ఉన్న ఒక సబ్ డివిజన్‌కి ఏడీఈగా బదిలీ అయ్యాను. ఏడీఈ అంటే కరెంటు పంపిణీలో అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు. పైన డీఈ గారు, కింద మండలానికొక ఏఈ, వాళ్ల కింద లైన్ ఇన్‌స్పెక్టర్లు, లైన్‌మెన్లు. మీ నాన్న కారు కొంటున్నాడనీ, ఎలక్ట్రిక్ కావాలని నువ్వూ, హైబ్రిడ్ కావాలని తమ్ముడూ అక్కడ పుణెలో పోట్లాడుకుంటున్నారనీ మొన్న ఫోన్లో చెప్పావు కదా స్నిగ్ధా, ఆ రెంటి మధ్య మీ అమ్మమ్మ ఉద్యోగరీత్యా ఒకసారి ఇరుక్కుంది. ఆ సంగతి చెబుతాను.

మా ఆఫీసుకు సొంత బండి ఉండేది కాదు. అద్దె బండి పెట్టుకోవడం పద్ధతి. బండి ఎవరిదో డ్రైవరూ అతనే. గడువు అయిపోతే మళ్లీ ఒప్పందం రాసుకోవాలి. నేను చేరేనాటికి ప్రభుదాసు అనే అతని డీజిల్ జీపు నడుస్తోంది. అది కదిలితే మైలు దూరంలో ఉన్నవాళ్లకు తెలిసేది. మనిషి మాత్రం నెమ్మదస్తుడు. కిరాయి లేని ఆదివారాలు చర్చిలో కంజీర వాయించేవాడు. భార్య సువార్త అంగన్‌వాడీలో ఆయా. ఇద్దరు పిల్లల చదువులు ఆ జీపు చక్రాల మీదే నడుస్తున్నాయి.

ఆ నెలాఖరుకు ఒప్పందం గడువు తీరుతుందనగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట అద్దెకు తీసుకునే బండి ఎలక్ట్రిక్ గానీ హైబ్రిడ్ గానీ అయ్యుండాలి, డీజిల్ కుదరదు అని. ప్రభుదాసు పాత జీపు అమ్మేసి, మిగతాది బ్యాంకులో అప్పు తీసుకుని కొత్త బండి తేవాలి. తేలేకపోతే ఆ పని పోతుంది. టౌన్‌లో ఒకాయన అప్పటికే ఎలక్ట్రిక్ కారు కొనిపెట్టుకుని మా డీఈ గారి చుట్టూ తిరుగుతున్నాడు. బండి తెచ్చినా అది పనికిరాకపోతే బ్యాంకు అప్పు మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. ప్రభుదాసు నా టేబుల్ ముందు నిలబడి, "మేడమ్, నాకు ఈ రెండూ తెలవ్వు. మీరు ఏది కొనమంటే అది కొంటాను," అన్నాడు. మనిషి అంత నమ్మకంగా అడిగితే భయం వేస్తుంది. నాకు ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి తెలుసు గానీ కార్ల సంగతి ఏం తెలుసు? గుంటూరు షోరూం వాళ్లకు ఫోన్ చేసి, రెండు రకాలూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దిరోజులు నడిపి చూడటానికి ఇమ్మని అడిగాను. ఆఫీసు పని కదా, ఒప్పుకున్నారు.

ముందు ఎలక్ట్రిక్ కారు వచ్చింది. మా స్టాఫ్ సంబరం చూడాలి. లైన్ ఇన్‌స్పెక్టర్ సాంబయ్య దానికి నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఇది మన శాఖ బండి మేడమ్, పెట్రోలు బంకోడికి మనమెందుకు దణ్ణం పెట్టాలి?" అన్నాడు. డీఈ గారి మాటా అదే. కరెంటు ఆఫీసు పెట్రోలు బండి ఎక్కడమేమిటి, పరువు తక్కువ కాదా అని. ఎలక్ట్రిక్ కారు ముందు బ్యానర్ కట్టి ఫోటో తీయించి పైకి పంపాలని ఆయనకు ఆశ.

బండి వెన్నపూసలా నడిచింది. అదే చిక్కు. ప్రభుదాసుకు ఇంజను మోత వినపడకపోతే బండి ఆగిపోయిందన్న అనుమానం. అది ఆన్‌లో ఉండగానే దిగి బానెట్ మీద చెయ్యి వేసి చూసేవాడు. మిర్చి కల్లాల మధ్య దారి మీద వెళ్తుంటే ఎవరూ తప్పుకోలేదు. దారి పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్న ఆడవాళ్ల వెనక మేం చాలాసేపు ఆగాం. హారన్ కొట్టాక ఒకామె ఉలిక్కిపడి చూసి, "ఏం దాసూ, దొంగమాదిరి వచ్చావేంది? నీ జీపయితే ఊరవతల ఉండంగానే లేచేవాళ్లం," అని దులిపేసింది. ఒక గేదె అయితే అద్దం మీద మెడ రుద్దుకుని, తన పని అయ్యాకనే వెళ్లింది.

అసలు సంగతి ఆ మధ్యాహ్నం బయటపడింది. ఎండాకాలం లైన్ల మీద పడుతున్న కొమ్మలు కొట్టించే పని పెట్టాం. ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని వెళ్లాను. కారు వెళ్లి వేపచెట్టు కింద ఆగేదాకా ఎవరికీ తెలియలేదు. లైన్‌మెన్లు నలుగురూ, పని చేయించాల్సిన సాంబయ్యా తువ్వాళ్లు మొహాన వేసుకుని పడుకుని ఉన్నారు. కొమ్మలు లైన్ల మీద అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లూ జీపు మోతే వాళ్లకు కబురు అన్నమాట. అది వినపడగానే నిచ్చెనలు ఎక్కేవారు. నేను ఆ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. సాంబయ్య ముందు లేచాడు. లేచి చెట్టునూ, కారునూ, నన్నూ చూశాడు. సాయంత్రానికల్లా మా స్టాఫ్ మొత్తం ఎలక్ట్రిక్ కార్లకు వ్యతిరేకమైపోయారు. అది మనుషులకు ప్రమాదకరమని, పసిపిల్లలున్న ఊళ్లలో తిప్పకూడదని సాంబయ్యే నాకు చెప్పాడు. పొద్దున కొబ్బరికాయ కొట్టిన మనిషి.

రెండోరోజు మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడింది. వేసవిలో ఇక్కడ గాలివాన అంటే మిర్చి రైతుకు ప్రాణం పోయినట్లే. కల్లాల్లో ఎర్రగా పరచిన కాయ మీద పట్టాలు కప్పడానికి ఊరంతా పరుగెత్తుతోంది. ఆ గాలికి ఒక కల్లం దగ్గర స్తంభం విరిగి, తీగ కాయ మీద పడిందని ఫోన్ వచ్చింది. ఊళ్లకు కరెంటు తెచ్చే ఫీడర్ లైను దానంతట అదే పడిపోయింది. అంటే సబ్‌స్టేషన్‌లో స్విచ్ తెగి కరెంటు ఆగిపోయింది. అయినా మనుషులు కాయ కప్పడానికి తీగ దాటి వెళ్తున్నారన్నారు. వెంటనే వెళ్లాలి.

కారు దగ్గరకు వెళ్తే బ్యాటరీ అడుగంటింది. పొద్దుటి నుంచి ప్రభుదాసు చూడాలన్నవాళ్లందరినీ ఎక్కించి ఏసీ వేసి తిప్పాడట. మధ్యాహ్నం మా ఆఫీసు ప్లగ్గుకు తగిలించాడు గానీ, మా ఆఫీసుకు వచ్చేదీ ఆ ఫీడరే. కరెంటు పోయింది కనుక బాగుచేయడానికి వెళ్లాలి, వెళ్లాలంటే కరెంటు రావాలి. నేనూ, సాంబయ్యా, ప్రభుదాసూ ఆ ప్లగ్గు చుట్టూ నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఎదురుగా పత్తి జిన్నింగు మిల్లు. దాని యజమాని వెంకటేశ్వర్లు గారు జనరేటరు వేసుకుని గుమ్మంలో కాఫీ తాగుతున్నారు. ఆయనకు మా మీద చాలాకాలంగా కోపం, కరెంటు కోతలని. సంగతి విని కప్పు కిందపెట్టి, "అమ్మా, నా డీజిలు తాగి మీ కారు కరెంటు పోసుకుని, అది తీసుకెళ్లి నాకు కరెంటు తెస్తారు. అంతేగా?" అన్నారు. అంతేనండీ అన్నాను. ఆయన నవ్వాపుకోలేక, కారును లోపలికి తోయించుకోమన్నారు.

అది చార్జింగయ్యేదాకా ఆగలేం. సాంబయ్య మోటారు సైకిల్ మీద వెనక కూర్చుని వెళ్లాను. యాభై తొమ్మిదేళ్ల ఏడీఈ, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, నల్లరేగడి బురదలో. దారిలో సబ్‌స్టేషన్ ఆపరేటరుకు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాం. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఆపరేటరు ఆ ఫీడరును ఆపి, తాళం వేసి, ఒక నంబరు ఇస్తాడు. ఆ నంబరు తీసుకున్న మనిషే మళ్లీ వెనక్కి ఇచ్చేదాకా ఎవరు అడిగినా, డీఈ గారే అడిగినా, కరెంటు వదలకూడదు. అదొక్కటే చాలదు. ఎవరి ఇంట్లోనో జనరేటరు కరెంటును వెనక్కి తోస్తే అది తీగలోకి వస్తుంది. అందుకని తీగను రెండువైపులా భూమికి ఎర్త్ చేశాకే ముట్టుకోవాలి. అంతా చేసి, తీగ పక్కకు తీయించి, రైతులను కాయ మీదికి పోనిచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. కాయ సగం తడిసింది.

తిరిగి వచ్చేసరికి మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లంతా కారు చుట్టూ చేరి చూస్తున్నారు. ప్రభుదాసు పక్కన తలవంచుకుని కూర్చున్నాడు. ఆ బండి కొనేసి ఉంటే తన బతుకు ఎలా ఉండేదో లెక్కేసుకుంటున్నాడని నాకు అనిపించింది.

తర్వాత హైబ్రిడ్ వచ్చింది. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. ఇంజను తిరిగినప్పుడూ, బ్రేకు వేసినప్పుడూ బ్యాటరీ నిండుతుంది. మాకిచ్చిన రకానికి ప్లగ్గు ఉండదు. ఈ మాట సాంబయ్య నమ్మలేదు. మూతలన్నీ తీసి, కింద దూరి, చార్జింగు పెట్టే చోటు కోసం పూటంతా వెతికాడు. చివరికి లేచి చేతులు తుడుచుకుని నాతో రహస్యంగా అన్నాడు: "మేడమ్, సర్వీసు వైరు లేదు, మీటరు లేదు, అయినా కరెంటు ఉందంటున్నారు. మన దగ్గర దీన్ని దొంగ కనెక్షన్ అంటాం." ఆ బండిని చూసినప్పుడల్లా కేసు రాయాలన్నట్టే చూసేవాడు.

ప్రభుదాసు మరో రకం. దానంతట అదే నిండుతుందని షోరూం అతను చెప్పిన మాటను నూటికి నూరుపాళ్లు నమ్మి, పెట్రోలు పోయించలేదు. కోల్డ్ స్టోరేజీ ముందు, టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దింపుతున్న రైతులందరి ఎదుట బండి ఆగింది. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "కరెంటు బండి కరెంటు లేక ఆగిందన్నారు మొన్న. ఇవాళ దేనికి ఆగింది?" అని అడిగాడు. నేను గొడుగు తీసి నడక మొదలుపెట్టాను. పెట్రోలు పోశాక మాత్రం ఆ బండి మళ్లీ మొరాయించలేదు.

నెలాఖరుకు ముందు సువార్త మా క్వార్టర్‌కు వచ్చింది. తనకు ఏ బండి ఇష్టమని నేనే అడిగాను. బండి సంగతి నాకేం తెలుసండీ అంటూనే, "ఆఫీసుకు వారంలో ఆరు రోజులు. ఆదివారం పెళ్లిళ్లకీ, చర్చి సభలకీ, తిరుపతికీ తిప్పితేనే ఇల్లు గడిచేది. రేపు ఆఫీసోళ్లు వద్దంటే, ఆ బండి మా వాకిట్లోనే ఉంటదిగా," అంది.

డీఈ గారు మీటింగుకు వచ్చారు, ఆ టౌన్ ఆయన ఎలక్ట్రిక్ కారులోనే. చాలా బాగుందని, చప్పుడే లేదని అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను కాదనలేదు, నిజంగానే బాగుంది. ఒక్కటే చెప్పాను. మా సబ్ డివిజన్ బండి కరెంటు పోయినప్పుడే బయలుదేరాలి కనుక హైబ్రిడ్ పెట్టుకుంటాం, ఉత్తర్వు రెంటినీ ఒప్పుకుంటోంది. సార్ ఆఫీసులో చార్జింగు పాయింటూ, జనరేటరూ రెండూ ఉన్నాయి. సార్ తిరిగేది టౌన్‌లోనే. ఎలక్ట్రిక్ కారు సార్ దగ్గర ఉంటేనే శాఖకు పరువు, ఫోటో కూడా అక్కడే బాగుంటుంది అన్నాను. అంత మెచ్చుకున్నాక ఆయన వద్దనలేకపోయారు. ఆయన పాత పెట్రోలు కారు వదులుకోవాల్సి వచ్చినందుకు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు.

ప్రభుదాసు హైబ్రిడ్ కొన్నాడు. సాంబయ్య బృందం ఇంజను మోత తిరిగొచ్చిందని సంతోషపడ్డారు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అది కూడా బ్యాటరీ మీదే, చప్పుడు లేకుండా నడుస్తుందని వాళ్లకు వారంలోనే తెలిసింది.

నేను రిటైరయ్యాక వచ్చిన ఏడీఈ సబ్‌స్టేషన్‌లోనే చార్జింగు పెట్టించి, ప్రభుదాసు గడువు తీరాక ఎలక్ట్రిక్ బండే పెట్టుకున్నారు. సబ్‌స్టేషన్‌కు రెండు వైపుల నుంచి లైన్లు వస్తాయి గనుక అక్కడ అది సరైన పనే. ప్రభుదాసు పని పోయింది గానీ బండి ఖాళీగా లేదు. ఇప్పుడు వారమంతా తిరుపతి, పెళ్లిళ్లు, గుంటూరు ఆసుపత్రులు.

ఆ వేసవి నాకు నేర్పింది ఇదీ. ఏ బండి మంచిదన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఎవరు కొంటున్నారు, కరెంటు లేని రోజున వాళ్లు ఎక్కడికి వెళ్లాలి, ఇప్పుడున్న పని పోతే ఆ బండి ఎవరిని ఎక్కించుకుంటుంది, ఇవి అడగాలి. ఇవి తెలిసిన తర్వాత ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.