స్కూటర్‌కు పరదా కట్టిన నాడు

నా పెండ్లి చెడగొట్టేటందుకు పగోళ్లు అక్కర లేకుండె. నేనూ, మా బావ స్కూటరూ, మేమిద్దరం చాలు. ఎట్ల చెడగొట్టుకున్ననో చెప్త, నవ్వొస్తె నవ్వుండ్రి. మా ఇంట్లోళ్లు ఇంక నవ్వుడు ఆపలే.

డెబ్బైలల్ల మాట. గోదావరిఖనిల మా అక్కోళ్ల క్వార్టర్ల ఉంటుంటి. బొగ్గుబాయిల నాది వెంటిలేషన్ పని. అంటే భూమి కింద మనిషికి గాలి ఆడేటట్టు చూసుడు. గాలిని పని జాగలకు మళ్లించేటందుకు గోనెగుడ్డ పరదాలు కడుతుంటిమి. ఆ పని నేర్చినంక, లోకంల ఏది చెడినా గాలి తక్కువైనట్టే అనిపిస్తుండె నాకు. అక్క పొయ్యి మండకున్నా గాలే, బావకు కోపమొచ్చినా గాలే.

బెల్లంపల్లిల సునంద అని ఒక పిల్ల. చర్చిల పాట పాడంగ చూసిన, ఇగ వేరే పిల్ల ఒద్దనిపించింది. వాళ్ల నాయిన బాయిల ఓవర్‌మన్. ఆయన పొమ్మంటేనే మనిషి లోపలికి పోవాలె, ఆగుమంటే ఆగాలె. ఆయన ఆదివారం పొద్దుమీకి రైలుకు రామగుండం స్టేషన్ల దిగి, నన్ను చూసి పోతనని కబురు పెట్టిండు.

"స్కూటర్ మీద తీసుకరారా, ఇజ్జత్ ఉంటది," అన్నది అక్క.

స్కూటరేమో ఆ వారమే మొండికేసింది. ఎక్సిలేటర్ తిప్పితే ముందు గుటక మింగుతది, కొంచెం సేపు ఆలోచిస్తది, ఆ తర్వాత కప్ప లెక్క దుంకుతది.

"బామ్మర్దీ, తీసుకపో గాని ఇంజను ముట్టకు. సోమవారం మెకానిక్‌కు చూపిస్త," అన్నడు బావ.

"దీనికి ఊపిరాడుతలేదు బావా."

"ఇంజనుకు ఊపిరేందిరా?"

"గాలి లేకుంటే మనమే అడుగు వెయ్యం. అదెట్ల వేస్తది?"

బావ ఆఫీసుల క్లర్కు. గాలి గురించి ఆయనకేం ఎరుక, అనుకున్న. ఆయన చర్చికి పోంగనే ఇంజను మీది రేకు డోరు తీసిన. లోపల గాలి వడపోసే జాలి ఒకటి కనబడ్డది. చూస్తె నాకు మండింది. గాలి పోయే తొవ్వకు అడ్డం పెడ్తరా ఎవరన్న? పీకి అవతల పెట్టిన. అక్కడ ఆగితే బాగుండు. అక్క బియ్యం సంచి కోసి, బయటి గాలి సక్కగ ఇంజన్లకే మళ్లేటట్టు లోపల పరదా కట్టిన. ముడి గూడ బాయిల ఏసే ముడే.

స్టేషన్‌కు పోయేటప్పుడు స్కూటర్ ఇంక ఎక్కువ ఆలోచించింది. గాలి కొత్త గదా, అలవాటు కావాలె, అనుకున్న.

ఓవర్‌మన్ సారు తెల్లబట్టలల్ల దిగిండు. ఎనుక కూసున్నడు. బజారు దాటకముందే స్కూటర్ మూడు గుటకలు మింగింది. ఎనుక బొగ్గు లారీ ఒకటే హారన్.

"ఏంది బాబూ, ఇది పోతున్నదా, ఆగుతున్నదా?"

"సోంచాయిస్తున్నది మామా." సంబంధం ఖాయం కాకముందే మామా అన్న. నోరు ఊకోలే.

"సోంచాయించుడు మనం చెయ్యాలె గదా?"

గడ్డ ఎక్కంగ ఒక్కసారి దగ్గి, పానం ఇడిసింది. సారు దిగి నూకిండు. పెండ్లికొడుకును చూడవొచ్చిన మనిషి! పక్కపొంటి లారీ పోయి ఇద్దరి మీద బొగ్గుపొడి చల్లింది. తెల్లబట్టలు నల్లగయినయి. నాకైతే భూమిల జొరబడాలనిపించింది, డ్యూటీ లేకున్నా సరే. నూకి నూకి అలసిపోయి సారు రేకు డోరు తీసిండు.

"ఇదేంది?"

"పరదా."

"పరదా అని నాకెరుకే. నా బతుకంత పరదాల నడుమనే గడిచింది. దీంట్ల ఎందుకున్నది?"

"గాలి కోసం."

ఆయన పట్టి గుంజితే సగమే వచ్చింది. తక్కిన సగం ఇంజను మింగింది.

"ఇది పెట్రోల్ అందక గుటకలు మింగింది," అన్నడు సల్లగ. "ఆకలైనోనికి నువ్వు విసనకర్రతోని ఊపినవ్."

కోప్పడితే బాగుండు. ఆయన తొవ్వపక్క బండ మీద కూసున్నడు. సునంద పోయింది, అయిపాయె, అనుకున్న. ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు చేసేది ఏ బాయిల?"

చెప్పిన.

"ఏం పని?"

"వెంటిలేషన్."

సారు లేచి బట్టలు దులుపుకున్నడు.

"పిల్ల సంగతి మెల్లగ మాట్లాడుకుందాం. మా పెద్దోడు గదే బాయిల చేస్తున్నడు. ముందుగాల వాన్ని అండ్లకెల్లి తీపియ్యాలె."

అన్నంత పని చేసిండు. కొడుకు వేరే బాయిల డ్యూటీ ఎక్కినంకనే నాకు పిల్లనిచ్చిండు. పెండ్లినాడు పాస్టరు చేయించిన ప్రమాణాలు అయిపోయినంక, మా మామ నన్ను పక్కకు తీసుకపోయి ఇంకోటి చేయించిండు: "కలిమిల గాని లేమిల గాని, పానం ఉన్నంత కాలం, ఏ ఇంజనుకూ గాలి చూపియ్యను." పాస్టరు ముందట చేసిన వాటి సంగతి సునందను అడుగుండ్రి. మామకు చేసింది మాత్రం ఇప్పటిదాక తప్పలే.